కృతజ్ఞత ఎవరికి ఎవరు చెప్పాలి?
ఆటిజం ఉన్న పిల్లల తల్లుల క్షేమం గురించి బెంగళూరులోని తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం



ఐక్యరాజ్యసమితి నిర్ణయం మేరకు 2008 నుండి ఏటా ఏప్రిల్ 2వ తేదీని ప్రపంచ ఆటిజం అవగాహన దినంగా పాటిస్తున్నారు. ఆనాడు పిల్లల గురించి ఎన్నో మంచి మాటలు వినిపిస్తాయి. తల్లి విషయం వచ్చేసరికి వినిపించేది ఒక్కటే: "ఆమెకు ఎంత ఓర్పు!" ఆ మెచ్చుకోలుతో ఎవరి దారిన వారు వెళ్ళిపోతారు. ఓర్పు గల తల్లి రాత్రి నిద్రపోయిందా, వేళకు అన్నం తిన్నదా అని అడిగేవారు అరుదు.

ఈ తల్లుల మీద నింద కొత్తది కాదు. 1943లో లియో కానర్ అనే వైద్యుడు అమెరికాలో పదకొండు మంది పిల్లలను పరిశీలించి ఈ స్థితిని వర్ణించాడు. ఆ తరువాత చాలాకాలం తల్లిదండ్రుల, ముఖ్యంగా తల్లి, ఆదరణ లోపమే ఇందుకు కారణమన్న వాదం చెలామణి అయింది. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆ వాదాన్ని తన గ్రంథంలో ఖండించాడు. ఆయన కుమారునికీ ఆటిజం ఉండేది. ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించిన భేదమే గాని పెంపకపు దోషం కాదని నేడు శాస్త్రం స్పష్టంగా చెబుతున్నది. అయినా ఆ నింద మన ఇళ్ళలో వేషం మార్చుకొని తిరుగుతూనే ఉన్నది. "ఫోను చేతికిచ్చి పాడుచేశావు", "నువ్వు ఉద్యోగం మానితే మాటలు వచ్చేవి" అన్న మాటలు పండుగకు స్వగ్రామం వెళ్ళిన ప్రతిసారీ ఆ తల్లి చెవిన పడతాయి.

నిందించని వారు మరొక విధంగా ఓదారుస్తారు. "ఫలానా వారి పిల్లవాడు నడవనైనా నడవలేడు. నీవాడు ఎంతో నయం, దేవునికి దండం పెట్టుకో" అంటారు. మరొక తల్లి కష్టాన్ని చూసి తృప్తిపడమనడం ఓదార్పు కాదు. అది ఆమె దుఃఖాన్ని నోరు మూసుకోమనడమే. దుఃఖించే హక్కు ఆమెకు ఉన్నది. బిడ్డను ప్రాణంగా ప్రేమిస్తూనే అలసిపోవచ్చు, ఏడవవచ్చు. అందులో దోషం లేదు.

మరి కృతజ్ఞత వలన మేలు లేదా? ఉన్నది. రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెక్‌కల్లో అనే పరిశోధకులు 2003లో ప్రకటించిన అధ్యయనంలో, కొందరు విద్యార్థులు తాము కృతజ్ఞత చెప్పదగిన సంగతులను వారానికొకసారి వ్రాసుకున్నారు, మరికొందరు తమ చికాకులను వ్రాసుకున్నారు. మొదటివారు తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తిని కనబరచారు. అయితే వారు పసిబిడ్డతో తెల్లవార్లూ మేలుకొని ఉండే తల్లులు కారన్నది మరువరాదు. నిద్ర లేని కంటికి మేలు కనబడదు. కాబట్టి ముందు విశ్రాంతి, ఆ తరువాతే పుస్తకం, కలం.

కృతజ్ఞత అన్న మాటకు చేసినదానిని ఎరిగి ఉండడమని అర్థం. ఎరగాలంటే చూడాలి. మాటలు రాని నాలుగేళ్ళ బిడ్డ తల్లి చేయి పట్టుకొని నీళ్ళ బిందె దగ్గరకు తీసుకువెళ్ళితే అది ఒక సంభాషణ. కత్తెర చప్పుడుకు బెదిరే పిల్లవానిని జనం లేని మధ్యాహ్నవేళ తీసుకురమ్మన్న క్షౌరశాల యజమాని చేసినది ఉపకారం. ఇటువంటివి చూచి గుర్తుపెట్టుకోవడం తల్లికి బలాన్నిస్తుంది. బిడ్డ ఏమి చేయలేడో ఇతరులు లెక్కపెడుతుండగా, ఏమి చేశాడో ఆమె లెక్కపెడుతుంది.

కాని చేసినదానిని ఎరగవలసినది తల్లి ఒక్కతేనా? ఆమె చేసినదానిని ఎరిగినవారు ఎవరు? స్వగ్రామంలో అమ్మమ్మ, పిన్ని, పక్కింటి అత్త తలా ఒక చేయి వేసేవారు. ఇక్కడ రెండు గదుల ఇంట్లో అన్ని చేతులూ ఆమెవే. భర్త ప్రతి వారం ఒక పూట బిడ్డ బాధ్యతను పూర్తిగా తీసుకోవడం, పొరుగువారు పుట్టినరోజు వేడుకకు ఆ బిడ్డను కూడా పిలవడం: ఇవి ఆమెకు చెప్పే కృతజ్ఞతలు.

వలస కుటుంబాలకు మరొక చిక్కు ఉన్నది. ఇంట్లో తెలుగు మానివేసి బడి భాషే మాట్లాడమని కొందరు సలహా ఇస్తారు. రెండు భాషలు వినడం వలన ఆటిజం ఉన్న పిల్లల మాటకు హాని కలుగుతుందని ఇంతవరకు జరిగిన పరిశోధనలలో తేలలేదు. జోల పాడిన భాషను తల్లి నుండి లాక్కొంటే, ఆమెకు బిడ్డతో మిగిలే మాటలే తగ్గిపోతాయి.

ఇక నగరం సంగతి. బిడ్డకు ప్రవేశం ఇచ్చినందుకు బడికి రుణపడి, అక్కడ జరిగే నిర్లక్ష్యాన్ని అడగలేక ఊరుకొనే తల్లులు ఉన్నారు. హక్కును ఉపకారమని భావించనక్కరలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ధ్రువీకరించబడిన పిల్లలకు 6 నుండి 18 ఏళ్ళ వరకు పొరుగు బడిలో గాని, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గాని ఉచిత విద్య పొందే హక్కు ఉన్నది. జాతీయ ట్రస్టు వారి నిరామయ పథకం లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా కల్పిస్తుంది. పరీక్షకు, సలహాకు బెంగళూరులో నిమ్హాన్స్, మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉన్నాయి. ధ్రువపత్రం వలన బిడ్డకు ముద్ర పడుతుందన్న భయంతో దానిని వాయిదా వేయడం మంచిది కాదు.

తల్లికి దిగులు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి సాగితే అది ఓర్చుకోవలసినది కాదు, చికిత్స చేయించుకోవలసినది. 14416 సంఖ్యకు ఫోను చేస్తే టెలిమానస్ సేవ రాత్రింబవళ్ళు ఉచితంగా లభిస్తుంది.

ఈ సభకు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇటువంటి ఒక తల్లి ఎక్కడో తెలిసే ఉంటుంది. ఆమె ఓర్పును పొగడడం చాలించి, ఈ ఆదివారం రెండు గంటల పాటు ఆమె బిడ్డను చూసుకుంటామని చెప్పండి. ఆ రెండు గంటలు ఆమె నిద్రపోయినా చాలు.