లోహమే ఔషధమా?

(మన సంఘ సభలో చేసిన ఉపన్యాసము)

 

నేను పాత్రల వ్యాపారిని. మెట్రిక్యులేషను దాటి చదివినవాడను గాను. అయినను లోహములతో నిత్యము వ్యవహరించువాడను గనుక, ప్లాటినము కాన్సరు వ్యాధికి ఔషధమైన విధమును తెలిసికొని మీకు విన్నవింపవలెనని తోచినది.

సిస్‌ప్లాటిన్ అను ఔషధము కలదు. నడుమ ఒక ప్లాటినము పరమాణువు, దానిని అంటి రెండు క్లోరిన్ పరమాణువులు, రెండు అమ్మోనియా అణువులు ఉండును. ఇట్టివానిని లోహ సంక్లిష్ట పదార్థములందురు. దీనిని పందొమ్మిదవ శతాబ్దముననే తయారుచేసిరి. 1893లో ఆల్ఫ్రెడ్ వెర్నర్ దీని నిర్మాణమును వివరించెను. కాని ఇది మందుగా పనికివచ్చునని చాలకాలము ఎవరికిని తెలియలేదు.

అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయమున బార్నెట్ రోజెన్‌బర్గ్ అను శాస్త్రజ్ఞుడు సూక్ష్మజీవులున్న ద్రవములో విద్యుత్తు ప్రసరింపజేసెను. అవి చీలుట మాని పొడవుగా పెరుగజొచ్చెను. విచారింపగా కారణము విద్యుత్తు కాదు. విద్యుత్తు పంపుటకు ముంచిన ప్లాటినము నుండి ద్రవములో ఏర్పడిన పదార్థములు! ఈ సంగతి 1965లో ప్రకటితమైనది. కణవిభజనను ఆపగలిగినది కాన్సరు కణములను ఆపదా యని ఎలుకలపై పరీక్షించి, 1969లో సత్ఫలితములను ప్రకటించిరి. 1978లో అమెరికాలో వాడుకకు అనుమతి లభించెను. నేడు వృషణముల కాన్సరు పెక్కుమందికి నయమగుచున్నదన్న, ఈ మందు ముఖ్యకారణము. గర్భాశయ ముఖద్వారము, గొంతు మొదలగు చోట్ల కాన్సర్లకు దీనిని రేడియేషనుతో కలిపి ఇచ్చుట కలదు.

ఈ మందు కణములో ప్రవేశించి, క్లోరిన్‌ను విడిచి, డి.ఎన్.ఏ.ను పట్టుకొనును. అంతట కణము విభజన చెందలేక నశించును. అయితే రెండు క్లోరిన్లు ఒకే ప్రక్క నున్నప్పుడే ఈ గుణము. అవి ఎదురెదురుగా నున్నచో, సరుకు అదే, తూకము అదే, కాని కాన్సరుకు పనిచేయదు.

కావున లోహమే ఔషధమని భ్రమపడరాదు. "డాక్టర్లును లోహమే ఇచ్చుచున్నారు గదా, మన భస్మము చాలదా?" అను మాట నేను అంగడిలో పలుమార్లు వింటిని. చాలదు. సిస్‌ప్లాటిన్ సైతము మూత్రపిండములను, వినికిడిని చెరుపగలదు. తీవ్రమైన వాంతులు కలిగించును. అందుచేతనే రక్తపరీక్షలు చేసి, సెలైను ఎక్కించి, కొలత ప్రకారము ఇత్తురు. తరువాత వచ్చిన కార్బోప్లాటిన్ వలన మూత్రపిండములకు బాధ తక్కువ. ఇంతటి జాగ్రత్త పొట్లములో కట్టి యిచ్చు భస్మమున కెక్కడిది?

చెన్నై అడయారులో 1954లో స్థాపించిన కాన్సరు ఇన్‌స్టిట్యూటు, ముంబయిలో 1941 నుండి నడచుచున్న టాటా స్మారక ఆసుపత్రి మన కందుబాటులోనే యున్నవి. పొగాకు నమలువారు నోటిలో మానని పుండును, స్త్రీలు అకాల రక్తస్రావమును సిగ్గుచే దాచరాదు. పరాయి భాషలో తమ బాధ చెప్పుకొనలేక ఆసుపత్రికి పోవ వెనుదీయు వృద్ధులు మన యిండ్లలో ఉన్నారు. వారికి తోడుగా పోవుట మన యువకుల విధి. ఆలస్యమైన పిదప ఎంత విలువగల లోహమైనను ప్రాణమును కొనలేదు.