దాణా ధర, కూలి ధర, పాల ధర

(పాణ్యంలో జరిగిన పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



కిందటి సమావేశంలో మీలో కొందరు ఒక ప్రశ్న వేశారు. "ప్రైవేటు వ్యాను లీటరుకు రెండు రూపాయలు ఎక్కువ ఇస్తున్నది, మన సంఘం ఎందుకు ఇవ్వదు?" అని. ఆనాడు మేము "పైనుంచి ధర రాలేదు" అని చెప్పి తప్పించుకున్నాము. అది జవాబు కాదని మీకూ తెలుసు, మాకూ తెలుసు. ఈ రోజు ఆ ప్రశ్ననే నింపాదిగా విప్పి చూడదలచాము. ఇందులో మా లోపము కూడా కొంత ఉన్నది. దానిని దాచము, చివర చెబుతాము.

ముందు ఒక ఎనుము లెక్క వేద్దాము. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే. వీటి స్థానంలో మీ ఇంటి అంకెలు వేసి సరిచూసుకోండి. ఎనుము రోజుకు ఆరు లీటర్లు ఇస్తున్నదనుకుందాము. ఒక లీటరు ఇంటికి ఉంచుకుని ఐదు లీటర్లు కేంద్రంలో పోస్తారు. ఫ్యాట్ ఆరు శాతం వచ్చి, కిలో ఫ్యాట్‌కు 800 రూపాయల చొప్పున కడితే కిలో పాలకు 48 రూపాయలు పడుతుంది. లీటరుకూ కిలోకూ ఉన్న చిన్న తేడా వదిలేస్తే రోజుకు 240 రూపాయలు. ఇక ఖర్చు. పశువు శరీర పోషణకు కిలోన్నర దాణా, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో, మొత్తం నాలుగున్నర కిలోలు. కిలో 28 రూపాయలనుకుంటే 126 రూపాయలు. ఎండుమేత ఎనిమిది కిలోలు, కిలో 5 రూపాయల వంతున 40 రూపాయలు. పచ్చిగడ్డి గట్ల మీద కోసుకొచ్చినదే కనుక దానికి డబ్బు లేదు. ఖర్చు మొత్తం 166, చేతిలో మిగిలేది 74.

ఇప్పుడు దాణా కిలోకు నాలుగు రూపాయలు పెరిగిందనుకోండి. 28 మీద నాలుగు అంటే ఏడో వంతు; వినడానికి చిన్న మాటే. కాని రోజుకు 18 రూపాయలు అటు పోతాయి. 74 కాస్తా 56 అవుతుంది. అంటే దాణాలో ఏడో వంతు పెరిగితే మన మిగులులో దాదాపు నాలుగో వంతు పోయింది. ఆ 18 రూపాయలు తిరిగి రావాలంటే అమ్మే ఐదు లీటర్ల మీద లీటరుకు 3 రూపాయల 60 పైసలు పెరగాలి. పట్నంలో పాల ప్యాకెట్ మీద అంత ధర ఒక్కసారి పెంచితే మరునాడు పత్రికలలో వార్త వస్తుంది. దాణా బస్తా ధర పెరిగితే ఏ పత్రికా రాయదు.

పైగా ఇది ఎనుము పాలిచ్చే రోజుల లెక్క. వట్టిపోయిన నెలలలో ఆదాయము ఉండదు, మేత తప్పదు.

దాణా ధర మనలను అడిగి పెరగదు. 2021లో సోయా చెక్క ధర ఎంతగా పెరిగిందంటే, కోళ్ల పరిశ్రమ మొరపెట్టుకోగా ఆ ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 12 లక్షల టన్నుల సోయా చెక్క దిగుమతికి అనుమతి ఇవ్వవలసి వచ్చింది. మన కొట్టాలలో సోయా చెక్క పెద్దగా వాడకపోవచ్చు. కాని ఒక చెక్కకు కరువు వస్తే కొనుగోలుదారులు ఇంకొక చెక్క మీద పడతారు, దాని ధరా ఎక్కుతుంది.

ఇక కూలి సంగతి. పై లెక్కలో కూలి వేయలేదని మీలో ఎంతమంది గమనించారో మాకు తెలియదు. పేడ తీయడము, గట్లమీద గడ్డి కోసి మోపు మోయడము, నీళ్లు పెట్టడము, రెండు పూటలా పితకడము, కేంద్రానికి పోయి వరుసలో నిలబడడము, అన్నీ కలిపితే రోజుకు నాలుగు గంటలకు తక్కువ కాదు. ఈ పని మన ఇండ్లలో ఎక్కువగా ఆడవాళ్లు చేస్తారు. ఎవరూ జీతము ఇవ్వరు కనుక అది ఏ పుస్తకంలోనూ ఎక్కదు. కాని ఊళ్లో కూలి పెరిగినప్పుడు ఆ నాలుగు గంటలకూ ధర పెరుగుతుంది. ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ప్రారంభమైంది. ఆ పథకము కింద మన రాష్ట్రంలో రోజు కూలిని 2024–25లో 300 రూపాయలుగా, 2025–26లో 307 రూపాయలుగా నిర్ణయించారు. చేసిన పని కొలతను బట్టి చేతికి వచ్చేది తగ్గవచ్చు, ఆ మాట నిజమే. అయినా 300 అనుకుంటే అర రోజుకు 150. అదే అర రోజుకు ఎనుము ఇచ్చినది 74, దాణా పెరిగాక 56. ఇల్లాలు ఈ లెక్క కాగితము మీద వేయదు. కొన్నాళ్లు చూసి, ఒకనాడు "ఎనుమును అమ్మేద్దాము" అంటుంది. కాలము మారింది, ఆడవాళ్లకు బద్ధకము పెరిగింది అని మగవాళ్లు అరుగుల మీద చెప్పుకుంటారు. అది బద్ధకము కాదు. ఆమె లెక్క తప్పలేదు.

కూలి పెరగడము చెడ్డదని మేము అనడము లేదు. మన సభ్యులలో సగము రోజులు కూలికి పోయేవారు చాలామంది ఉన్నారు. వారికి ఒక చేతికి వచ్చినది ఇంకొక చేతి నుంచి పోతున్నది, అంతే తేడా.

పాణ్యం చుట్టూ పని దొరికే తావులు కూడా మారాయి. పక్కనే గడివేముల, ఓర్వకల్లు మండలాలలోని గని, శకునాల ప్రాంతంలో 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు 2017లో పనిచేయడము మొదలుపెట్టింది. మన మండలంలోని పిన్నాపురం దగ్గర విద్యుత్ ప్రాజెక్టుకు 2022 మే 17న శంకుస్థాపన జరిగింది. ఇటువంటి నిర్మాణము జరిగేటప్పుడు మనుషులకు గిరాకీ పెరిగి కూలి ఎక్కుతుంది. నిర్మాణము ముగిసిన తరువాత అంతమందికి పని ఉండదు. కాని ఎక్కిన కూలి పాత మెట్టుకు దిగదు, పశువులు తిరిగిన మెట్ట కూడా తిరిగి మేతకు రాదు.

కూలి పెరిగితే రైతు ఏం చేస్తాడు? యంత్రము తెస్తాడు. కాలువ కింద సోనా వడ్లను మనుషులు కోసిన రోజులలో వరిగడ్డి కట్టలు కట్టి వాములు వేసేవారము. కోత యంత్రము వచ్చాక గడ్డి చేనంతా నలిగి పడుతుంది. దానిని చుట్ట చుట్టడానికి మరొక యంత్రము, దానికి వేరే బాడుగ. నల్లరేగడిలో ఒకప్పుడు జొన్న వేస్తే గింజ మనకు, చొప్ప పశువుకు. ఇప్పుడు ఆ నేలలలో చాలా భాగము శనగకు పోయింది. నంద్యాలలో 1906 నుంచి ఉన్న వ్యవసాయ పరిశోధనా స్థానము యంత్రముతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ 47 అనే శనగ రకాన్ని తయారుచేసింది. చూడండి, కూలి ధర ఎంత దూరము పోయిందో! మొక్క ఎంత ఎత్తు పెరగాలో కూడా అదే చెబుతున్నది. రైతుకు అది మేలే. కాని శనగ పొట్టు జొన్నచొప్ప లోటు తీర్చదు. నిన్నటిదాకా ఇంట్లో ఉన్న మేత నేడు కొనుక్కునే సరుకు అయింది.

ఇంతవరకు చెప్పినదానిలో ఒక విషయము గమనించగలరు. దాణా ధర వారంలో మారుతుంది, పైకీ పోతుంది, కిందికీ వస్తుంది. కూలి మెల్లగా ఎక్కుతుంది, దిగదు. పాల ధర మాత్రము ఎవరో కూర్చుని నిర్ణయిస్తే గాని కదలదు. మొదటి రెండూ కదిలిన తరువాత మూడవది కదిలేదాకా గడిచే రోజులున్నాయే, ఆ రోజుల భారము ఎవరిది? ఇంతవరకు పాలుపోసేవారిదే. ఎనుములు అమ్ముడుపోయేది ఆ రోజులలోనే.

ఇప్పుడు వ్యాను సంగతికి వద్దాము. 1991 వరకు డెయిరీ పెట్టాలంటే లైసెన్సు కావాలి. ఆ ఏడు దానిని తీసివేశారు. 1992లో పాలు, పాల ఉత్పత్తుల ఉత్తర్వు వచ్చి, ఏ డెయిరీ ఏ ప్రాంతంలో పాలు సేకరించాలో హద్దులు పెట్టింది. 2002లో ఆ హద్దులు కూడా పోయాయి. ఒకే ఊరికి రెండు మూడు వ్యాన్లు రావడానికి దారి అట్లా ఏర్పడింది. పోటీ వల్ల మనకు మేలు జరగలేదని అనలేము. పోటీ లేని రోజులలో సంఘాలు ఎంత నిదానంగా బిల్లులు ఇచ్చేవో పెద్దలకు గుర్తుండే ఉంటుంది.

అయితే గిరాకీ తగ్గినప్పుడు వ్యాపారస్తుడు చేయగలిగిన పని ఒకటి ఉన్నది, సంఘము చేయలేనిది. అతడు "రేపటి నుంచి పాలు వద్దు" అనగలడు. ఒక వేసవిలో మన కేంద్రంలో సగానికి పైగా పాలు వ్యానుకు పోయాయి. అక్టోబరు దాటి ఎనుములు ఈని పాలు పెరిగేసరికి ఆ వ్యాను మొదట ఆదివారాలు మానింది, తరువాత సాయంత్రపు పాలు వద్దన్నది. ఆ పాలన్నీ ఒక్కసారి మన కేంద్రానికి వచ్చాయి, మేము తీసుకున్నాము. తీసుకోక ఏం చేస్తాము, అవి మన సభ్యుల పాలు. కాని వేసవిలో పాలు లేక అమ్మకము పోగొట్టుకున్న సంఘము, చలికాలంలో మిగిలిన పాలను పొడి చేయించి డబ్బు ఇరికించుకోవలసి వచ్చింది.

2020లో మరింత పెద్ద ఎత్తున ఇదే జరిగింది. మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. హోటళ్లు, టీ కొట్లు, పెళ్లిళ్లు అన్నీ ఆగిపోయాయి. అనేక చోట్ల ప్రైవేటు సేకరణ తగ్గించుకోగా సహకార డెయిరీలు అదనపు పాలు తీసుకుని పొడిగా, వెన్నగా మార్చి నిలవ చేశాయి.

పాలపొడి అంటే పాలను దాచుకునే గాదె వంటిది. వెన్న తీసిన పాలు సుమారు 11 లీటర్లు ఆవిరి చేస్తే ఒక కిలో పొడి వస్తుంది. ఆ గాదెకు ఒక చిక్కు ఉన్నది, దాని ధర ఎక్కడో నిర్ణయమవుతుంది. 2013, 14 ప్రాంతాలలో ప్రపంచ విపణిలో వెన్న తీసిన పాలపొడి టన్ను 5,000 డాలర్ల దరిదాపుల్లో పలికింది. చైనా కొనుగోళ్లు తగ్గాయి, 2014 ఆగస్టులో రష్యా ఐరోపా పాల పదార్థాల దిగుమతిని నిషేధించింది, 2015 మార్చి ఆఖరుతో ఐరోపా దేశాలు తమ రైతుల మీద పెట్టుకున్న పాల కోటాలను ఎత్తివేశాయి. 2015 ఆగస్టు నాటికి టన్ను ధర 1,500 డాలర్ల దరిదాపులకు పడిపోయింది. మన దేశంలోనూ పొడి నిలవలు పేరుకుపోయాయి. 2018 జులైలో మహారాష్ట్ర రైతులు పాలు రోడ్ల మీద పోసి ఆందోళన చేశారు. ఆ తరువాత అక్కడి ప్రభుత్వము ఆవుపాలకు లీటరుకు 25 రూపాయలు ఇప్పిస్తామని ప్రకటించింది. మాస్కోలో తీసుకున్న నిర్ణయానికీ మన పాల క్యానుకూ సంబంధము ఏమిటని అడిగితే, ఇదీ సంబంధము.

ధర పెరిగే కాలంలోనైనా అంతా మనకు దక్కుతుందా? 2011 ఫిబ్రవరిలో దేశంలో పాల ధరలు పెరుగుతున్నాయని పాలపొడి ఎగుమతిని ప్రభుత్వము నిషేధించింది. 2012 జూన్‌లో గాని ఎత్తివేయలేదు. పట్నవాసుల బాధ అర్థము కానిది కాదు. 2012 ఆధారంగా లెక్కించిన వినియోగదారుల ధరల సూచికలో పాలు, పాల పదార్థాల వాటా నూటికి 6.61. పాల ధర కదిలితే ఇంటింటి ఖర్చూ కదులుతుంది. అందుచేత పైకి పోయేటప్పుడు పట్టుకునే చేతులు చాలా ఉంటాయి, కిందికి పడేటప్పుడు పట్టుకునేవారు తక్కువ.

ఇక మా లోపము. దాణా ధర పెరిగిన తరువాత పాల ధర సవరించడానికి మాకు రెండు నెలలకు పైగా పట్టిన సందర్భము ఉన్నది. సమావేశానికి కోరము లేదని ఒకసారి, లెక్కలు రాలేదని ఒకసారి వాయిదా వేశాము. ఆ రెండు నెలలలోనే కొందరు సభ్యులు పశువులను సంతకు తోలారు. వ్యాను ఇచ్చిన రెండు రూపాయల కంటే మా ఆలస్యమే సంఘానికి ఎక్కువ నష్టము చేసిందని మా అభిప్రాయము. ఫ్యాట్ పరీక్ష మీద కూడా మీకు అనుమానాలున్నాయి. పరీక్ష మీ ఎదుట జరగాలని మీరు పట్టుబట్టాలి, దానికి మేము కోపగించుకోము.

మేము ఆలోచించిన ప్రతిపాదన ఇది. మూడు నెలలకు ఒకసారి, ముందే ప్రకటించిన తేదీన, దాణా ధరనూ ఎండుమేత ధరనూ ఊళ్లో కూలినీ బోర్డు మీద రాసి, వాటి ఎదుట పాల ధరను సవరించాలి. దాణా కిలోకు రెండు రూపాయలకు మించి పెరిగితే ఆ తేదీ కోసము ఆగకుండా పదిహేను రోజుల బిల్లులోపే పాలకవర్గము కూర్చోవాలి. రెండవది, వేసవిలో పాల అమ్మకము మీద మంచి మిగులు వచ్చినప్పుడు లీటరుకు 50 పైసలు వేరే ఖాతాలో వేయాలి. చలికాలంలో పొడి ధర పడినా మీ ధర అంతగా పడకుండా ఆ డబ్బు వాడాలి. దీనివల్ల వేసవిలో వ్యాను ధరకూ మన ధరకూ తేడా 50 పైసలు ఇంకా పెరుగుతుంది. ఆ సంగతి ముందే చెబుతున్నాము. మీకు సమ్మతము కాకపోతే ఈ నిధి నిలవదు, పెట్టడమూ అనవసరము. మూడవది, వరికోతలు అయిన వెంటనే గడ్డి చుట్టలను సంఘము టోకున కొని నిలవ చేసి, వేసవిలో కొన్న ధరకే బాడుగ కలిపి ఇవ్వాలి. నిలవ చేసే చోటు ఇంకా దొరకలేదు.

ఈ ప్రతిపాదన వచ్చే సర్వసభ్య సమావేశంలో ఓటుకు వస్తుంది. వచ్చేటప్పుడు ఏడాది పొడుగునా పాలు పోసిన చీటీలు, వ్యానుకు పోసినవి కూడా, తీసుకురండి. వేసవిలో వ్యాను ఎక్కువ ఇచ్చినది ఎంత, చలికాలంలో తగ్గించినది ఎంత, వద్దన్న రోజులు ఎన్ని, అక్కడే కూర్చుని కూడుదాము. సభ్యత్వము ఎవరి పేరున ఉన్నా ఎనుమును చూసుకునేవారు ఎవరో వారు తప్పక రావాలని కోరుచున్నాము. సమావేశము ఉదయము పెడితే వారికి తీరిక ఉండదు కనుక, సాయంత్రపు పాలు పోయడము అయిన తరువాత, కేంద్రము దగ్గరే పెట్టాము.