దాత పేరు – దానపు లెక్క



గండిపేట నీరు త్రాగినవాడు హైదరాబాదు విడిచి పోలేడని మన ప్రాంతమున ఒక నానుడి కలదు. ఆ జలాశయమును కట్టించిన ప్రభువును గూర్చి మాత్రము మనము రెండు మాటలు వినుచుందుము. మహాదాత యని కొందరు, పరమలోభి యని కొందరు. ఒక్క మనుష్యునియందు ఈ రెండును ఎట్లు పొసగును? దానధర్మములను గూర్చి లోకమునకు బోధించు ధనికులు తమ ధనము విషయమున కపటులా, కారా అను ప్రశ్న నేడు నటులను గూర్చియు, గొప్ప వర్తకులను గూర్చియు తరచుగ వినబడుచున్నది. దీనికి సమాధానము వెదకుటకు మన గండిపేట కట్టయే తగిన చోటని నా తలంపు.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచెను. వేలకొలది జనులు మృతినొందిరి. అప్పటి ప్రభువు మహబూబ్ అలీఖాను. వరద నివారణోపాయము చెప్పుటకు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించిరి. నీటిని నగరమునకు ఎగువనే నిలుపవలెనని ఆయన చెప్పెను. 1911లో రాజ్యమునకు వచ్చిన మీర్ ఉస్మాన్ అలీఖాను కాలమున, 1920 నాటికి మూసీపై గండిపేట జలాశయమును, 1927 నాటికి ఈసీపై హిమాయత్ సాగరును పూర్తియైనవి. మొదటిదానికి ప్రభువు పేరే పెట్టి ఉస్మాన్ సాగరనిరి.

ఇది మహోపకారము. అయితే దానమగునా? ఆ కట్టకు వెచ్చించినది రాజ్యపు బొక్కసములోని సొమ్ము. అనగా రైతు కట్టిన శిస్తు. ప్రజల ధనమును ప్రజలకై వెచ్చించుట రాజధర్మము. ఆ ధర్మమును మరచిన రాజులెందరో కలరు గనుక, నెరవేర్చినవానిని మెచ్చవలసినదే. కాని దానినే దానమని కీర్తించినచో, అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లగును.

ప్రభువునకు స్వంత ఆదాయము వేరుగ నుండెను. దానిని సర్ఫెఖాస్ అనుచుండిరి. నగరము చుట్టునున్న పెక్కు గ్రామముల శిస్తు 1949 వరకు ఆ పద్దునకే చేరుచుండెను. 1937లో అమెరికాదేశపు టైమ్ పత్రిక ఆయన చిత్రమును ముఖపత్రమున ముద్రించి, లోకమునకెల్ల ధనవంతుడని వ్రాసెను. అంతటివాడు ప్రాతటోపీతో కాలము గడపెనని పెద్దలు చెప్పుకొనుచుండిరి. ఇది కపటము కాదు. తనకు తక్కువ వాడుకొనువాడు ఇతరులకు ఎక్కువ ఈయవచ్చును. ఆయన ఇచ్చినదియు లేకపోలేదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు ఇచ్చెను. పూనాలోని భండార్కర్ ప్రాచ్యవిద్యా సంస్థకు మహాభారత ప్రచురణకై సాయము చేసెను. పంజగుట్టలోని నిమ్స్ వైద్యశాల ఆయన ధర్మనిధి కట్టించిన ఎముకల ఆసుపత్రిగ ఆరంభమైనది.

ఇక 1965 నాటి బంగారపు కథ వినుడు. యుద్ధకాలమున ఆయన దేశరక్షణకై అయిదువేల కిలోల బంగారమును దానము చేసెనని నేటికిని ఊరూర చెప్పుకొనుచున్నారు. వాస్తవమున అది 425 కిలోలు, దానమును కాదు. ప్రభుత్వము వెలువరించిన బంగారు బాండ్లలో వడ్డీకి పెట్టినది. గడువు తీరిన పిదప బంగారము తిరిగి వచ్చును. ఆపత్కాలమున దేశమునకు అప్పిచ్చుటయు మేలే. కాని అప్పు అప్పే, దానము దానమే. పద్దులో అప్పుగ నున్నదానిని దానముగ మార్చినదెవరు? చెప్పుకొన్న మన నోరే గదా!

ఈ మాట ఇతరులను నిందించుటకు చెప్పలేదు. నేను ఉపాధ్యాయుడనై యున్న కాలమున, ఒక గ్రామమున ఒక ధనికుడు పాఠశాలకు కప్పు వేయింతునని నిండుసభలో ప్రకటించెను. పూలమాలలు వేసితిమి. నేనును నాలుగు పద్యములల్లి, ఆయనను శిబితోను కర్ణునితోను పోల్చి చదివితిని. రెండు వర్షకాలములు గడచినను కప్పు రాలేదు. పిల్లలు గోనెసంచులు నెత్తిన కప్పుకొని చదివిరి. ఆ పాపమున సగము ఆయనది. సగము నా పద్యములది. ఈయకమునుపే కీర్తి చేతికందినవాడు మరల ఈయనేల?

1951 ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లిలో వినోబాభావేగారి యెదుట హరిజనులు ఎనుబది ఎకరముల భూమి కావలెననగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి తమ భూమిలో నూరెకరములిత్తుననిరి. అడిగినవారు ఎదుటనే యుండిరి. భూమి ఎవరిదో ఊరందరికి తెలియును. అది దానము. ఆ పిమ్మట దేశమంతట భూదానములు ప్రకటితమైనవి. అందు చాలభాగము పేదల చేతికి చేరనే లేదు. కొంత నాగలి దిగని రాతినేల. 2010లో అమెరికా ధనికులు గేట్సు, బఫెట్టు గార్లు తమ సంపదలో సగమైన దానము చేయుదుమని ప్రతిజ్ఞ చేసి, ఇతర ధనికులను చేరుడని పిలిచిరి. మంచి మాటయే. కాని ప్రతిజ్ఞ విత్తనము వంటిది. పంట ఇంటికి వచ్చిన నాడే గాదె నిండును.

కాబట్టి దాత హృదయము నిర్మలమా, కపటమా అను విచారణ భగవంతునికి వదలుదము. గ్రామపెద్దలమైన మనము మూడు ప్రశ్నలడిగిన చాలును. ఇచ్చినది ఎవరి సొమ్ము? కూలివాని కూలి, ప్రభుత్వపు పన్ను చెల్లించిన తరువాత ఇచ్చినదా? అది పుచ్చుకొనువాని చేతికి చేరినదా? ఈ మూడును సరిపడిన పిదపనే పూలమాల తెప్పింతము.

గండిపేట కట్టపై ప్రభువు పేరు నిలిచినది. ఆ నీటిని కాపాడుటకై 1996లో వెలువడిన 111వ ఉత్తర్వు వలన మొయినాబాదు, చేవెళ్ల వైపు గ్రామములు మొదలుగ 84 గ్రామములలో కట్టడములకు నిర్బంధము కలిగెను. 2022లో దానిని సడలించు ఉత్తర్వు వచ్చువరకు, నగరము త్రాగు నీటికై ఆ గ్రామముల రైతులు తమ భూమి విలువను వదలుకొనిరి. తమ ఇష్టమున ఇచ్చినది కాదు గనుక దీనిని దానమనను. కాని నీటి లెక్క వ్రాయునపుడు వారి పద్దును విడిచినచో ఆ లెక్క తప్పు.