బాట హక్కు – ఆడబిడ్డల భద్రత

సృష్టికర్త, పోషకుడు అయిన అల్లాహ్‌కే సకల స్తుతులు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, వారి కుటుంబం పైన, సహచరుల పైన శాంతి శుభాలు వర్షించుగాక! అమ్మాబాద్.

ధార్మిక సోదరులారా!

కొంతకాలం క్రితం మగ్రిబ్ నమాజు తరువాత ఒక సోదరుడు మా వద్దకు వచ్చి కూర్చున్నారు. వారి కుమార్తె తొమ్మిదో తరగతి చదువుతోంది, సైకిలుపై బడికి వెళ్ళివస్తుంది. కొందరు కుర్రాళ్ళు బైకులపై వెంబడించి, పక్కగా వచ్చి హారన్ మోగిస్తూ, చున్నీ లాగబోతూ నెలరోజులుగా వేధిస్తున్నారట. చెబితే చదువు మాన్పిస్తారన్న భయంతో బిడ్డ నోరు విప్పలేదు. ఒకనాడు సైకిలు మీద నుండి పడి, మోకాలు చీరుకొని వస్తే తల్లి అడిగి తెలుసుకుంది. “మౌలానా సాబ్, ఏం చేయమంటారు?” అని అడిగారు. “కొన్నాళ్ళు బడికి పంపకండి” అన్నాము.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తప్పు చేసినవాడు రోడ్డు మీద తిరుగుతున్నాడు. ఏ తప్పూ చేయని బిడ్డకు మేము ఇంట్లో శిక్ష వేశాము. ఫజ్ర్ తరువాత వారింటికి వెళ్ళి మా మాటను వెనక్కి తీసుకున్నాము.

సోదరులారా! సూరా ఖసస్‌లోని మద్‌యన్ వృత్తాంతాన్ని స్మరించండి. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ఈజిప్టు విడిచి, అలసిపోయి, పరాయి దేశంలో నీటి రేవుకు చేరుకున్నారు. అక్కడ మగవారంతా తమ మందలకు నీరు పెడుతున్నారు. ఇద్దరు యువతులు తమ మందను ఆపుకొని దూరంగా నిలబడ్డారు. తండ్రి వృద్ధుడు; పని వారికి తప్పదు. మూసా (అ) వారిని ఇంటికి పొమ్మనలేదు. విషయమేమిటని మర్యాదగా అడిగారు, మందకు నీరు పెట్టారు, ప్రతిఫలం ఆశించక నీడకు వెళ్ళి ప్రభువును వేడుకున్నారు. మగతనమంటే అది. ఆ యువతులలో ఒకరు తండ్రితో ఆయనలో మెచ్చుకున్నవి రెండే: శక్తి, నమ్మకం. నమ్మకం లేని శక్తి రోడ్డుపై పిల్లలను భయపెట్టే బైకు మాత్రమే.

సూరా నూర్‌లో చూపులు వాల్చుకొమ్మన్న ఆదేశం 30వ ఆయతులో మొదట పురుషులకు వచ్చింది. ఆ తరువాతే స్త్రీలకు. హజ్ యాత్రలో ఒక స్త్రీ మసలా అడగడానికి వచ్చినప్పుడు యువకుడైన ఫజ్ల్ బిన్ అబ్బాస్ (రజి) ఆమెను చూడసాగారు. దైవప్రవక్త (స) ఆమెను పంపివేయలేదు; ఫజ్ల్ ముఖాన్ని అటు తిప్పి, ఆమె ప్రశ్నకు జవాబిచ్చారు. బాటపై కూర్చునేవారు దాని హక్కు చెల్లించాలనీ, చూపు వాల్చడం, ఎవరినీ బాధించకపోవడం అందులోనివనీ బుఖారీ, ముస్లిం హదీసులు బోధిస్తున్నాయి. టీ కొట్టు ముందు, కల్వర్టు మీద కూర్చునే మన అబ్బాయిలకు ఈ హక్కు నేర్పామా?

మేడ్చల్ హైవే, శామీర్‌పేట రాజీవ్ రహదారి విశాలమయ్యాయి. కానీ పిల్లలు సైకిళ్ళు తొక్కేది వెంచర్ల ప్రహరీల మధ్య, గోదాముల పక్కన, మనిషి కనిపించని దారులలో. న్యాయశాస్త్రం బోధించే నల్సార్ విశ్వవిద్యాలయం మన శామీర్‌పేటలోనే ఉంది. చట్టం మాత్రం మన ఇళ్ళకు చేరలేదు. 18 ఏళ్ళలోపు బిడ్డను లైంగిక దురుద్దేశంతో పదేపదే వెంబడించడం, అసభ్యంగా సైగలు చేయడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం నేరం. 3 సంవత్సరాల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. బిడ్డ పేరు బయటపడకుండా కాపాడాలని కూడా అదే చట్టం చెబుతోంది. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో మొదలైన షీ టీమ్స్ తరువాత రాష్ట్రమంతటా విస్తరించాయి. ఆపదలో 100 లేదా 112కు, పిల్లల సహాయానికి 1098కి ఫోన్ చేయవచ్చు.

కాబట్టి తల్లిదండ్రులారా! “నువ్వు చెప్పినందుకు నీ చదువు ఆగదు” అని ఈ రోజే మీ బిడ్డకు మాట ఇవ్వండి. ఒకే దారిన వెళ్ళే పిల్లలను జట్టుగా పంపండి. బడి వేళల్లో మలుపుల దగ్గర పెద్దలు వంతులవారీగా నిలబడండి. దుకాణదారులు, ఆటో సోదరులు కన్నేసి ఉంచండి. ఆ బిడ్డ ఏ మతస్థుల ఇంటిదైనా మన ఊరి బిడ్డే. వేధించినవాడు మన కొడుకే అయితే దాచకండి. ఎవరినీ గుంపుగా వెళ్ళి కొట్టకండి, ఫిర్యాదు చేయండి. ఆడబిడ్డ గురించి పుకారు మీ చెవిన పడితే అక్కడితో ఆపండి.

మేము మాట వెనక్కి తీసుకున్న మరుసటి వారం నుండి ఆ బిడ్డ మరో ముగ్గురితో కలిసి బడికి వెళుతోంది. మలుపు దగ్గర నిలబడే వంతు సోమవారం మాది. మిగిలిన రోజులకు పేర్లు కావాలి. నమాజు తరువాత ఇవ్వండి.

ఓ అల్లాహ్! మా బిడ్డల బాటలను సురక్షితం చేయి. మా కుమారుల చూపులకు హయా ప్రసాదించు. చూసి కూడా చూడనట్లు పోయిన మా పాపాన్ని క్షమించు. ఆమీన్.