కంపెనీ కొలువులో నిలుచుట



పెండ్లిచూపులనాడు మగపెండ్లివారు వేయు ప్రశ్నలు మా తల్లుల కాలమునకును నేటికిని చాల మారినవి. అప్పుడు "అమ్మాయికి పాట వచ్చునా?" అని యడిగెడివారు. ఇప్పుడు "అమ్మాయి ఏ కంపెనీలో పని చేయుచున్నది?" అని యడుగుచున్నారు. సమాధానము నచ్చినచో సంబంధము కుదురుచున్నది. పది సంవత్సరముల తరువాత ఆ అమ్మాయియే ఏదో శుభకార్యమున కనబడి, "ఉద్యోగము మానివేసితినండీ, పిల్లవాడు చిన్నవాడు" అని చెప్పును. విన్నవారు "మంచిపని చేసితివి" అందురు. ఎందువలన మానవలసి వచ్చినదని యడుగువారు లేరు. ఈ సాయంకాలము నేను మాటలాడదలచినది ఆ ప్రశ్ననుగూర్చియే. ఆడపిల్లలు కంపెనీలలో చేరుట యెట్లో మనకు తెలిసినది. ఇరువది ముప్పది సంవత్సరములు అందు నిలుచుట, నిలిచి పైకి వచ్చుట, ఆ పనివలన తృప్తి పొందుట యెట్లో మాత్రము ఇంకను చాలమందికి తెలియలేదు.

అట్లు నిలిచిన యొక యామె కథ ముందుగా చెప్పెదను. ఆమె తెలుగింటి ఆడపడుచు. పేరు అయ్యలసోమయాజుల లలిత. 1919లో మద్రాసున జన్మించినది. 15వ యేట వివాహమైనది. 18వ యేట, 1937లో, నాలుగు నెలల ఆడశిశువు ఒడిలో నుండగా భర్త గతించెను. ఆ దినములలో అట్టి స్థితిలో నున్న స్త్రీకి లోకము చూపెడి దారి యేదియో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆమె తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛక్తి శాఖయందు ఆచార్యులు. కుమార్తె చదువుకొనవలెనని ఆయన సంకల్పము. ఏమి చదువవలెను? చదువుకొన్న స్త్రీలకు వైద్యవృత్తి యప్పటికే పరిచితమైనది. కాని వైద్యురాలికి అర్ధరాత్రమున పిలుపు వచ్చును. పసిబిడ్డను విడిచి పోలేనని లలితగారు దానిని వలదనుకొనిరి. ఈ సంగతి నాకు మిక్కిలి ముఖ్యముగ తోచును. మన దేశమున మొదటి స్త్రీ ఇంజనీరుగా పేరొందిన యామె ఆ విద్యను ఎన్నుకొన్నది సాహసము చూపుటకు కాదు, బిడ్డ నిద్రించు వేళలను లెక్కపెట్టుకొని.

తండ్రి ప్రిన్సిపాలుగారితో మాటలాడి ఒప్పించగా ఆమె 1940లో కళాశాలలో చేరినది. కొలదికాలమునకే మరి యిద్దరు యువతులు వచ్చి చేరిరి. వీరు ఉత్తీర్ణులైనప్పుడు, పట్టాలలో పురుషవాచకమే యుండుటచే దానిని తీసి స్త్రీవాచకముగ మార్చవలసి వచ్చినదట! లలితగారు జమాల్పూరు రైల్వే కర్మాగారమున శిక్షణము పొంది, సిమ్లాలో ప్రభుత్వోద్యోగము చేసి, కొంతకాలము తండ్రిగారి పరిశోధనలకు తోడ్పడి, 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అను ఆంగ్లేయుల కంపెనీలో ప్రవేశించిరి. విద్యుత్తును దూరమునకు గొనిపోవు తీగెల మార్గములకును, సబ్‌స్టేషనులకును నక్షలు సిద్ధపరచుట ఆమె పని. భాక్రానంగల్ ఆనకట్టయొద్ద నెలకొల్పిన విద్యుజ్జనకయంత్రముల పనిలోను ఆమె చేయి కలదు. లండనులోని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ 1953లో ఆమెను అసోసియేటు సభ్యురాలిగను, 1966లో పూర్ణసభ్యురాలిగను స్వీకరించినది. 1964లో న్యూయార్కున జరిగిన స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ మహాసభకు వెళ్ళివచ్చిరి. 1977లో ఉద్యోగవిరమణము చేసి, 1979లో స్వర్గస్థులైరి.

ఒక్క కంపెనీయందు దాదాపు ముప్పదియేండ్లు! ఆమె తెలివితేటలను నేను తక్కువ చేయుట లేదు. కాని తెలివి యున్న స్త్రీలు ఎందరో మూడవయేటనే ఇంటికి మరలుచున్నారు. లలితగారు కలకత్తా యుద్యోగమునకు ఒప్పుకొనుటకు ఒక కారణము, ఆమె సోదరుడు ఆ నగరమున కాపురముండుట. ఆమె కార్యాలయమునకు పోయినప్పుడు బిడ్డకు ఆ యిల్లు ఉన్నది. వదినెగారి చేతులు ఉన్నవి. ఆ వదినెగారి పేరు ఏ సంస్థ పట్టికలోను ఎక్కలేదు.

అందరికిని అట్టి సోదరుడు, అట్టి వదినె, అదే నగరమున ఉండరుగదా. ఆ లోటులో కొంత భాగమును శాసనములు తీర్చవలసి వచ్చినవి. 1961 నాటి శాసనము ప్రసూతికి 12 వారముల వేతనసహితమైన సెలవు నిచ్చినది. 2017లో దానిని మొదటి యిద్దరు బిడ్డలవరకు 26 వారములు చేసిరి; 50 మందికి తక్కువకాక పనిచేయు సంస్థలు శిశువులకు క్రెష్ ఏర్పరుపవలెననియు విధించిరి. విమానములలో పరిచారికగా నున్న స్త్రీ మొదటిసారి గర్భవతియైనంతనే కొలువు చాలించవలెనను నియమము 1981 వరకు నిలిచియుండెను. ఆ సంవత్సరమున సుప్రీంకోర్టు దానిని త్రోసివేసినది. ఫాక్టరీలలో స్త్రీలు రాత్రి 7 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు పనిచేయరాదను 1948 నాటి నిబంధనను మద్రాసు హైకోర్టు 2000లో కొట్టివేసినది.

ప్రసూతి సెలవునుగూర్చి ఒక మాట. ఇ.ఎస్.ఐ. పరిధిలోనికి వచ్చు స్వల్పవేతనము వారికి ఆ సొమ్ము బీమానిధినుండి వచ్చును. తక్కినవారికి ఆ యారు నెలల జీతమును యజమానియే భరింపవలెను. అందుచేత కొందరు యజమానులు పెండ్లియైన యువతిని ఉద్యోగమునకు తీసికొనునప్పుడే మనసులో ఒక కూడిక వేసికొందురు. నోటితో చెప్పరు. ఆ వ్యయమును కూడ అందరి చందాలతో ఏర్పడిన నిధియే భరించునెడల ఆ కూడికకు పని యుండదని నా యభిప్రాయము.

శాసనము చేరజాలని చోటులు కలవు. హైదరాబాదులో అమెరికావారి పనులు చేయు కంపెనీలు అనేకము. వారికి ఉదయమగునప్పుడు మనకు సాయంకాలము. కావున సమావేశములు రాత్రి 7 గంటలకు, 8 గంటలకు జరుగును. మన యిండ్లలో పొయ్యిమీద అన్నము ఉడుకు వేళయు అదియే. తన వంతు మాట వచ్చులోపల కుక్కరు కూయకుండునుగాక యని దేవుని ప్రార్థించు ఇల్లాండ్రను నేనెరుగుదును; నేనును ప్రార్థించినదాననే. ఆ వేళ పురుషుడు ఫోను పట్టుకొన్నచో ఇంటిల్లిపాది మెల్లగా మాటలాడుదురు. స్త్రీ పట్టుకొన్నచో "ఇంకను కాలేదా?" అని తొంగి చూతురు. దీనికి ఏ కోర్టులో దావా వేయవచ్చును?

మరియొక సంగతి, డబ్బునకు సంబంధించినది. ఉద్యోగము మానునప్పుడు మన స్త్రీలు చేయు మొదటి పని ప్రావిడెంటు ఫండు సొమ్మును, దానితోపాటు పింఛను ఖాతాలోని సొమ్మును కూడ తీసివేయుట. బిడ్డ అన్నప్రాశనమునకో, ఇంటి వాయిదాకో అది వ్యయమగును. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకముక్రింద నెలవారీ పింఛను రావలెనన్న 10 సంవత్సరముల సర్వీసు కావలెను. ఏడేండ్లు పనిచేసి, ఆ సొమ్ము తీసికొని, నాలుగేండ్ల తరువాత మరల చేరిన స్త్రీకి ఆ యేడేండ్లును లెక్కకు రావు. సొమ్ము తీయక, స్కీము సర్టిఫికెట్టు పుచ్చుకొని, మరల చేరిన చోట దానిని దాఖలు చేసినచో పాత సర్వీసు క్రొత్తదానితో కలియును. ఈ చిన్న సంగతి తెలియక నష్టపోయినవారు నా స్నేహితురాండ్రలోనే కలరు.

ఇక నేను చేసిన యొక పొరపాటు చెప్పవలసియున్నది. ఇతరుల తప్పులను ఇంతసేపు ఎన్నినదానను, నాది దాచుట న్యాయము కాదు.

నేను ఒక కంపెనీలో ఒక విభాగమునకు అధికారిణిగా నుంటిని. పూనాలో ఒక పెద్ద ఖాతాదారునియొద్దకు ఆరు వారములు ఒకరిని పంపవలసి వచ్చినది. ఆ పనికి తగినవారు ఇద్దరు: ఒక యువకుడు, ఒక యువతి. యువతియే ఎక్కువ సమర్థురాలు. ఆమెకు రెండేండ్ల బిడ్డ కలడు. "పాపము, తల్లిని బిడ్డనుండి విడదీయుట యెందుకు?" అని తలచి యువకుని పేరు వ్రాసితిని. నాకు నా బిడ్డల చిన్నతనము జ్ఞప్తికి వచ్చినది. దయతోనే చేసితినని నా నమ్మకము. అతడు వెళ్ళెను, పని నేర్చెను, తిరిగి వచ్చిన యేడాదిలో పై యుద్యోగమునకు ఎక్కెను. పాలకమండలిలో ఒక స్త్రీయైన నుండవలెనని 2013 నాటి కంపెనీల చట్టము కొన్ని తరగతుల కంపెనీలకు విధించినది. నా బల్లమీద ఆ కాగితముపై నేను వ్రాసిన పేరును ఏ చట్టమును చూడలేదు.

ఆ యువతి ఒకనాడు నా గదిలోనికి వచ్చి కూర్చుండినది. కోపము లేదు. "మేడమ్, నన్నొక మాట అడిగియుండవలసినది. నేను రానని చెప్పియుందునేమో. కాని ఆ మాట నేను చెప్పవలసినది, మీరు కాదు" అన్నది. నాకు సమాధానము తోచలేదు. అంతకు ముందు ఎన్నిమారులు ఎవరెవరి బదులు నేను "రాదు" అని చెప్పితినో ఆ రాత్రి లెక్కించుకొంటిని. వానిలో కొన్ని స్త్రీలకు తేలికపాటి పనుల నప్పగించుట. సంక్రాంతి ముగ్గుల పోటీ, వీడ్కోలు సభలు, సమావేశముల తీర్మానములు వ్రాసియుంచుట. ఇవన్నియు ఎవరో చేయవలసినవే. కాని వీనిని చేసినందుకు పైకెక్కినవారిని నేను చూడలేదు.

మరుసటి యేడు మరల అట్టి అవసరమే వచ్చినది. ఈసారి ఆమెను పిలిచి యడిగితిని. ఒక దినము గడువు కోరినది. భర్తతో మాటలాడినది, తెనాలినుండి అత్తగారు వచ్చిరి. ఆమె పూనా వెళ్ళినది. రెండవ వారమున బిడ్డకు జ్వరము తగిలినది. ఆమె వచ్చి, నాలుగు దినములుండి, జ్వరము తగ్గిన తరువాత మరల వెళ్ళి పని ముగించినది. రాకపోకల అదనపు ఛార్జీని నేను పద్దు వ్రాసి పంపితిని. దానిని గూర్చి లెక్కలవారు నన్ను ఒక ప్రశ్నయైనను అడుగలేదు.