ఊళ్ళు రెండు, శ్మశానం ఒకటి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



శుభమా అని సభ చేసుకుంటుంటే శ్మశానం మాట ఏమిటని కొందరు నొచ్చుకోవచ్చు. మన వయసువాళ్ళం మనమే మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారు? సర్వీసంతా పంచాయతీ లెక్కలతో గడిపినవాణ్ణి కనుక, డబ్బు సంగతే మనవి చేస్తాను.

మా అబ్బాయి ఉంటున్న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో 'యూనియన్ సెమెటరీ'లు ఉన్నాయి. అంటే ఉమ్మడి శ్మశానాలు. అక్కడి చట్టం ప్రకారం ఇరుగుపొరుగు మునిసిపాలిటీలు, టౌన్‌షిప్పులు కలిసి వీటిని నడుపుకోవచ్చు. టౌన్‌షిప్పు ఇంచుమించు మన గ్రామ పంచాయతీ వంటిది. పాలకవర్గాలు ఉమ్మడిగా సమావేశమై ట్రస్టీలను ఎన్నుకుంటాయి.

ఖర్చు చెరిసగం కాదు. పన్ను పడే ఆస్తి విలువ ఎవరికెంత ఉంటే వారి వాటా అంత. పట్నంలో 3 కోట్ల ఆస్తి, పల్లెలో కోటి ఉందనుకోండి. 4 లక్షల ఖర్చులో పట్నం 3 లక్షలు, పల్లె లక్ష ఇస్తాయి. చిన్న ఊరి మీద మోయలేని భారం పడదు. శ్మశాన నిర్వహణకే ప్రత్యేకంగా ఆస్తిపన్ను వేయాలంటే ఓటర్ల ఆమోదానికి పెట్టే వీలుంది.

సమాధి స్థలాల అమ్మకం మీద కూడా కొంత రాబడి వస్తుంది. కాని స్థలాలు నిండాక ఆ రాబడి ఆగిపోతుంది, గడ్డి పెరగడం మాత్రం ఆగదు. పన్ను అవసరం అక్కడే తెలుస్తుంది.

మన దగ్గర 1994 పంచాయతీరాజ్ చట్టం శ్మశానాల నిర్వహణను పంచాయతీల విధుల్లో చేర్చింది. తెలంగాణలో 2019లో మొదలైన పల్లెప్రగతి కింద ఊరూరా వైకుంఠధామాలు కట్టారు. సంతోషమే. అయితే కట్టడం ఒక ఎత్తు, నిలబెట్టడం ఒక ఎత్తు. గ్రాంటు ఒకసారి వస్తుంది. నీళ్ళు, దీపం, కాపరి జీతం నెలనెలా కావాలి. ఆదాయం తక్కువున్న పంచాయతీ ఒంటరిగా ఎన్నాళ్ళు భరిస్తుంది?

పక్కపక్క ఊళ్ళు కలిసి, వాటాలు కాగితం మీద రాసుకుని, ఏటా బడ్జెట్లో పద్దు పెట్టుకుంటే ఆ బరువు తగ్గుతుంది. ఇంకో మేలూ ఉంది. అందరి పన్నుతో నడిచే స్థలంలో, ఇది మా ఊరిది, మా కులంవారిది అంటూ ఏ శవాన్నీ వెనక్కి పంపే హక్కు ఎవరికీ ఉండదు.

పోయినవాడు పన్ను కట్టలేడు. ఉన్నవాళ్ళమే కట్టాలి. లెక్కలు, జీవోలు తెలిసినవాళ్ళం మనలో ఎందరో ఉన్నాం. ఎవరి గ్రామసభలో వారు ఈ పద్దు గురించి అడగవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.