ఎలర్జీ బిళ్లలు – రైతులు తెలిసికొనవలసిన సంగతులు
(ప్రసంగ పాఠము)



మన కృష్ణా డెల్టా దిగువ భాగమున సార్వా కోతలు, కుప్పనూర్పిళ్లు వచ్చినవనిన వాటితోపాటు తుమ్ములు, కండ్ల మంటలు, దురదలు కూడ వచ్చును. గుడివాడ ప్రాంతపు బియ్యపు మిల్లుల చెంత ఊకదుమ్ము, బందరు పరిసర గ్రామములలో తడిసి బూజుపట్టిన గడ్డివాములు, దివిసీమ గట్లమీద పెరిగిన వయ్యారిభామ – వీటివలన బాధపడువారు ప్రతి ఊరిలోను కలరు. అట్టివారు మందుల అంగడికి పోయి “ఎలర్జీ బిళ్ల” అని అడిగి కొని మ్రింగుట పరిపాటి అయినది. ఆ బిళ్ల ఏమి చేయును, ఏమి చేయజాలదు, దానినే నమ్ముకొని కూర్చుండిన ప్రాణమునకు ఎప్పుడు మోసము వచ్చును – ఈ మూడు సంగతులు మీకు మనవి చేసెదను.

ఎలర్జీ అనగా నేమి?

రోగక్రిములను ఎదిరించుటకు మన శరీరములో కాపలా బలగము ఒకటి కలదు. కొందరిలో ఈ బలగము పొరబడి, హాని చేయని ధూళిని, పుప్పొడిని, తినే రొయ్యను శత్రువుగ తలచి పోరాటమునకు దిగును. దొంగను పట్టవలసిన కాపలావాడు ఇంటికి వచ్చిన చుట్టమును కొట్టినట్లన్నమాట. ఒకే రొయ్యలకూర పదిమంది తినగా ఒక్కనికే దద్దుర్లు లేచుటకు కారణమిదే. దీనికి ఎలర్జీ అను పేరు పెట్టినది ఆస్ట్రియా దేశపు వైద్యుడు పిర్కే. అది 1906వ సంవత్సరము.

ఈ పోరాటములో మాస్ట్ కణములనునవి హిస్టమిన్ అను పదార్థమును వెదజల్లును. అది ముక్కులో తుమ్ములను, నీటిని, కండ్లలో ఎరుపును, చర్మముపై దద్దురును, దురదను కలిగించును.

బిళ్ల పనిచేయు తీరు

దీనిని మనకు తెలిసిన సాగునీటితో పోల్చి చెప్పెదను. హిస్టమిన్ కాలువలోని నీరనుకొనుడు. మన ముక్కు, కండ్లు, చర్మము పొలములు. ఆ పొలములకు తూములు కలవు. ఎలర్జీ బిళ్ల ఆ తూముకు అడ్డముగ వేసిన పలక వంటిది. దీనినిబట్టి మూడు విషయములు బోధపడును.

ఒకటి: పలక వేసినంత మాత్రమున కాలువ ఎండదు. అనగా బిళ్ల బాధను ఆపునే గాని ఎలర్జీని మాన్పదు. రెండు: నీరు పారకముందే పలక వేయుట మేలు. నూర్పిడి దుమ్ము పడదని ఎరిగినవారు వైద్యుని సలహాపై ముందుగనే బిళ్ల వేసికొనినచో ఎక్కువ గుణము కనిపించును. మూడు: కాలువకు గండి పడినపుడు తూముపలక పనికిరాదు. ఈ మూడవ సంగతిని ముందు వివరించెదను.

ఇట్టి మందును మొదట 1937లో కనుగొనినది పారిస్ నగరపు పాశ్చర్ సంస్థలో పనిచేసిన డేనియల్ బోవె అను శాస్త్రజ్ఞుడు. ఆయనకు 1957లో నోబెల్ బహుమతి లభించినది.

పాతవి, కొత్తవి

పాత తరము బిళ్లలలో క్లోర్‌ఫెనిరమిన్ ముఖ్యమైనది. జలుబు బిళ్లలు పెక్కింటిలో ఇది కలిసియుండును. చౌక, గుణము త్వరగ కనిపించును. కాని ఇది మెదడులో ప్రవేశించి మగత కలిగించును. నోరు ఎండును. వయస్సు మళ్లిన మగవారికి మూత్రము బిగియవచ్చును. దీని ప్రభావము కొన్ని గంటలే యుండును గాన రోజుకు పలుమార్లు వేసికొనవలసివచ్చును.

కొత్త తరములో సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, లొరాటడిన్, ఫెక్సోఫెనడిన్ కలవు. వీటిని సాధారణముగ రోజుకొకసారి వేసికొనిన చాలును. మగత తక్కువ. అయినను సెట్రిజిన్ వలన కొందరికి నిద్ర వచ్చును. ఫెక్సోఫెనడిన్‌ను పండ్లరసముతో గాక మంచినీటితోనే మ్రింగవలెను. మూత్రపిండముల జబ్బు గలవారు, గర్భిణులు, పాలిచ్చు తల్లులు వైద్యుని అడుగక ఏ బిళ్లయు వాడరాదు. పసిపిల్లలను నిద్రపుచ్చుటకు ఈ మందులు పోయుట మిక్కిలి ప్రమాదము.

మగత కలిగించు బిళ్ల వేసికొని ట్రాక్టరు, కోతయంత్రము, మోటారు సైకిలు నడుపరాదు. కాలువగట్టు దారిన ఒక్క కునుకు చాలును. కల్లు, సారా త్రాగినవారికి ఈ మగత ఇంకను పెరుగును.

స్టెరాయిడ్లు

కొందరు ఒక ఇంజెక్షనుతో, లేక పొట్లములో కట్టి ఇచ్చిన పేరులేని బిళ్లలతో దురద మాయమైనదని సంతోషింతురు. అందులో తరచు ఉండునది డెక్సామెథసోన్, బీటామెథసోన్ వంటి స్టెరాయిడ్. అది వైద్యుని చేతిలో అమూల్యమైన మందు. స్వంతముగ నెలల తరబడి వాడినచో చక్కెర వ్యాధి, రక్తపు పోటు, ఎముకల బలహీనత, కంటి శుక్లము దాపురించును. కొండనాలుకకు మందు వేయ ఉన్న నాలుక ఊడినట్లగును. చాలకాలము వాడినవారు హఠాత్తుగ మానుటయు ప్రమాదమే; వైద్యుడు చెప్పిన ప్రకారము క్రమముగ తగ్గించవలెను.

వరిమడి నీటిలో నిలిచి పనిచేయువారికి గజ్జలలో, కాలివ్రేళ్ల సందున వచ్చు తామర ఎలర్జీ కాదు. అది శిలీంధ్రము. దానిపై స్టెరాయిడ్ పూత పూసినచో దురద రెండు రోజులు తగ్గి, తామర మరింత విస్తరించును.

ఎలర్జీవలె కనిపించు ఇతర బాధలు

పురుగుమందు చల్లిన పిదప కన్నీరు, ముక్కు కారుట, చొంగ, విపరీతమైన చెమట, కంటిపాప చిన్నదగుట, ఊపిరి అందకపోవుట కనిపించినచో అది ఎలర్జీ అనుకొని బిళ్ల మ్రింగి పడుకొనరాదు. అది విషప్రభావము. తడిసిన బట్టలు విప్పి, ఒంటిని సబ్బుతో కడిగి, మందుడబ్బా చీటీతో సహా వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

బూజు గడ్డి కదిపిన కొద్ది గంటలకు జ్వరము, దగ్గు, ఆయాసము వచ్చినచో అది ఊపిరితిత్తుల వ్యాధి. ఎలర్జీ బిళ్లకు లొంగదు. ఉబ్బసమునకు కూడ ఈ బిళ్ల మందు కాదు. వైద్యుడిచ్చిన పీల్పుమందే ఆధారము. మృగశిరనాడు చేపమందు మ్రింగువారు సైతము ఆ పీల్పుమందును మానరాదు.

రాత్రులందు ఎడతెగని పొడిదగ్గు, పిల్లికూతలు ఉన్నచో రక్తపరీక్ష చేయించవలెను. బోదకాలు కలిగించు సూక్ష్మక్రిములపై శరీరము తిరుగబడుటవలన కూడ ఇట్టి దగ్గు వచ్చును. దానికి గుణమిచ్చు డైఇథైల్ కార్బమజైన్ అను మందు, 1895లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల ఫలము.

ఇక చేపల సంగతి. ఐసు లేక ఎండలో నిలిచిన కానాగంతల వంటి సముద్రపు చేపలలో హిస్టమిన్ దానంతటదే పుట్టును. వండినను, వేచినను అది పోదు. తిన్న కొద్దిసేపటికే ముఖము ఎర్రబడి తలనొప్పి, దద్దుర్లు వచ్చును. గిలకలదిండి రేవునుండి చేపలు కొనిపోవువారు ఐసు విషయమున లోపము చేయరాదు.

గండి పడినపుడు

కందిరీగ కుట్టినను, పడని ఆహారము తిన్నను, ఇంజెక్షను చేసినను కొందరికి నిమిషములలో ఒళ్లంతయు దద్దుర్లు లేచి, పెదవులు, నాలుక వాచి, గొంతు బిగిసి, రక్తపు పోటు పడిపోవును. ఇదియే గండి. ఇచట ప్రాణము నిలుపునది ఎలర్జీ బిళ్ల కాదు. తొడ కండరములోనికి ఇచ్చు అడ్రినలిన్ ఇంజెక్షను. రోగిని పడుకొనబెట్టి కాళ్లు ఎత్తుగ నుంచి, 108 వాహనమును పిలువవలెను. ఊపిరి ఆడనివానిని కూర్చుండనీయవలెను. లేపి నడిపింపరాదు.

2018 వర్షాకాలమున దివిసీమలో పాముకాట్లు విరివిగ జరిగిన సంగతి మీకు జ్ఞాపకముండును. పాము విషమునకు విరుగుడు మందు గుర్రముల రక్తమునుండి తయారగును గాన కొందరికి దానివలన కూడ ఎలర్జీ కలుగును. ఆ భయముతో మందు మానుకొనరాదు. ఆసుపత్రిలో అడ్రినలిన్ సిద్ధముగ నుంచుకొనియే దానిని ఇత్తురు. నాటుమందుతో కాలము గడుపుటయే అసలు ప్రమాదము.

మన చేతిలోని పని

గడ్డిని బాగుగ ఆరబెట్టి వామి వేయుడు. నూర్పిడి వేళ గాలికి ఎదురుగ నిలువక, ముక్కునకు, నోటికి మాస్కు కట్టుకొనుడు. పని ముగిసిన వెంటనే స్నానము చేసి బట్టలు మార్చుడు. వయ్యారిభామను పూత రాకముందే చేతికి తొడుగు వేసికొని పెరికివేయుడు. మీకు ఏది పడదో, ఏ మందు వికటించినదో ఒక చీటీపై వ్రాసి ఉంచుకొని, ఏ వైద్యుని వద్దకు పోయినను ముందు దానిని చూపుడు. ఆ చీటీకి కానీ ఖర్చు లేదు. అవసరమునాడు అది నిండు ప్రాణమును కాపాడును.